పెట్టె మీద సైజు చూసి స్నో చెయిన్లు కొనకండి, నాలా ఇరుక్కుంటారు

"స్నో టైర్లు దండగండీ. నాలుగు రోజులు పడే మంచుకి ఈ చెయిన్లు డిక్కీలో పడేసుకుంటే చాలు" అన్నాడు షాపతను, మంచులో జారకుండా టైర్లకు తొడిగే గొలుసులు చూపిస్తూ. నాలుగు టైర్ల ఖర్చు తప్పిందని సంబరపడ్డాను. ఆ సంబరం ఘాట్ రోడ్డు ఎక్కేదాకానే.

పెట్టె మీద నా టైరు సైజు, 225/45 ఆర్ 17 (చివరి 17 అంటే చక్రం ఎన్ని అంగుళాలో), స్పష్టంగానే ఉంది. మంచులో మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు కొయ్యబారిపోతుంటే, ముప్పావుగంట తంటాలు పడి ముందు చక్రాలకు తొడిగాను. (నాది ముందు చక్రాలు లాగే కారు. వెనక చక్రాలు లాగేదైతే వెనకే వేయాలి.) కాస్త దూరం వెళ్లానో లేదో టకటకమని చప్పుడు. మంచుగడ్డలే అనుకుని పోనిచ్చాను. కొద్ది దూరం నడిపాక ఆపి మళ్లీ బిగించాలని పెట్టెలోని కాగితంలోనే ఉంది, నేనే చదవలేదు. లోపలివైపు గొలుసు వదులై ఏబీఎస్ (బ్రేకేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) సెన్సార్ వైరును కోసేసింది. బ్రేక్ హోస్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం, దానికి వేలెడు దూరంలో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మెకానిక్ నా కారు మాన్యువల్ తెరిచి చూపించాడు: 17 అంగుళాల చక్రాలకు చెయిన్లు వేయకూడదు, 16 అంగుళాలవాటికే, అదీ సన్న లింకులవి. టైరుకీ స్ట్రట్‌కీ (చక్రం లోపలివైపుండే సస్పెన్షన్ కడ్డీ) మధ్య సందు చాలదు. పెట్టె మీద టైరు సైజు రాస్తారు గానీ మీ కారులో సందెంతో వాళ్లకేం తెలుసు? షాపతనేమో "వాడినవి వాపసు తీసుకోం" అనేశాడు.

అసలు చెయిన్లు టైర్లకు బదులు కావు. దట్టంగా మంచున్న చోట, గంటకు 50 కిలోమీటర్లలోపే నడపాలి, తారు తేలగానే విప్పెయ్యాలి. చలికాలంలో మనం ఎక్కువగా తిరిగేది మంచు లేని చల్లటి రోడ్ల మీదే. సుమారు 7 డిగ్రీల కింద మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. అక్కడ చెయిన్లు ఏం చేస్తాయి?

చివరికి టైర్లే కొన్నాను, ఇంకో షాపులో. అక్కడా చూసుకోవాల్సి వచ్చింది. మొదట తెచ్చినవాటి మీద "ఎం ప్లస్ ఎస్" (మడ్, స్నో: బురద, మంచు) అని మాత్రమే ఉంది. మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉంటేనే మంచు పరీక్ష నెగ్గినట్టు. టైరు పక్కవైపున ఉండే నాలుగంకెలు కూడా చూడండి: 3518 అంటే 2018లో 35వ వారంలో తయారైందని. "రెండు చాల్లెండి" అన్నారు, ఒప్పుకోలేదు. ముందు రెండే వేస్తే మలుపులో వెనక భాగం జారిపోతుంది.

ఆ చెయిన్లు ఇంకా గ్యారేజీలో మేకుకి వేలాడుతున్నాయి. అమ్మేద్దామంటే, కొనేవాళ్లు కూడా సైజే కదా చూసేది అని చెయ్యి రావట్లేదు.