సబ్జెక్ట్ డిక్షనరీ, మామూలు డిక్షనరీ, ఫోన్: చదువుకు ఏది మేలు?

గోడను గంటసేపు నెట్టి చెమటలు కక్కినా, గోడ కదలకపోతే భౌతికశాస్త్రం లెక్కలో గోడ మీద జరిగిన పని సున్నా. మామూలు నిఘంటువులో 'పని' అని వెతికితే కార్యం, ఉద్యోగం, శ్రమ, అవసరం అని వస్తాయి. అన్నీ సరైన అర్థాలే, కానీ ఈ లెక్కకు ఒక్కటీ పనికిరాదు. భౌతికశాస్త్ర నిఘంటువు, అంటే ఆ ఒక్క సబ్జెక్టు మాటలకే రాసిన సబ్జెక్ట్ డిక్షనరీ తీస్తే, బలానికీ ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశానికీ లబ్ధమనీ, ప్రమాణం జౌల్ అనీ ఉంటుంది. చివర 'శక్తి, సామర్థ్యం చూడండి' అని మరో రెండు మాటలకు దారి చూపిస్తుంది.

తెలియని మాట కన్నా, తెలిసినట్టే ఉండే మాట విద్యార్థిని ఎక్కువ ముంచుతుంది. 'త్వరణం' అని కనబడగానే ఎవరైనా ఆగి అర్థం వెతుకుతారు. 'వేగం' దగ్గర ఎవరూ ఆగరు. దిశ లేనిది వడి, దిశతో కలిపి చెప్పేది వేగం అన్న తేడా గమనించకుండా పాఠం దాటేస్తారు. 'కణం' ఇంకా గమ్మత్తైన మాట. జీవశాస్త్రంలో అది ప్రాణులకు మూల ప్రమాణం, భౌతికశాస్త్రంలో పదార్థపు అతి చిన్న నలుసు. అర్థశాస్త్రంలో 'డిమాండ్' అంటే ఉత్త కోరిక కాదు, కొనగలిగే స్తోమత కూడా తోడుండాలి. ఇలాంటి చోట్ల సబ్జెక్ట్ డిక్షనరీకి సాటి లేదని నా గట్టి నమ్మకం.

అలాగని మామూలు డిక్షనరీని అటక ఎక్కించకూడదు. ప్రశ్నపత్రంలో 'సమర్థించండి', 'విభేదాలు రాయండి', 'విశ్లేషించండి' అని అడుగుతారు. ఈ మాటలు ఏ సబ్జెక్ట్ డిక్షనరీలోనూ దాదాపు ఉండవు. ఇంగ్లిష్ మీడియంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు పాఠం బాగా తెలిసి కూడా 'జస్టిఫై' (సమర్థించండి) అన్నచోట ఉత్త నిర్వచనం రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఆ లోటు తీర్చేది మామూలు డిక్షనరీయే.

పాఠ్యపుస్తకం వెనక ఉండే పదాల పట్టికను చిన్నదని తీసిపారేయకండి. దాని బలం లోతు తెలిసి ఆగడంలో ఉంది. ఆమ్లాన్నే తీసుకోండి. నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం అన్న ఆర్హీనియస్ నిర్వచనం పదో తరగతికి చాలు. రసాయనశాస్త్ర నిఘంటువులో దానితో పాటు ప్రోటాన్‌ను ఇచ్చేది అన్న బ్రాన్‌స్టెడ్-లౌరీ నిర్వచనం, ఎలక్ట్రాన్ జంటను స్వీకరించేది అన్న లూయిస్ నిర్వచనం ఒకే చోట ఉంటాయి. పదో తరగతి పిల్లవాడికి ఏది రాయాలో తెలియక టెన్షన్ మొదలవుతుంది. ఇంటర్, డిగ్రీ విద్యార్థికి మాత్రం ఆ మూడూ పక్కపక్కన ఉండటమే వరం. అందుకే పదో తరగతి దాకా పుస్తకం వెనక పట్టిక చాలు, ఆ పైన ప్రధాన సబ్జెక్టుకు ఒక డిక్షనరీ ఉండాలి అంటాను. ప్రతి సబ్జెక్టుకూ ఒకటి అక్కర్లేదు.

ఇక ఫోన్. బొమ్మ కావాలన్నా, ఉచ్చారణ వినాలన్నా, గుండె కవాటం తెరుచుకోవడం కదిలే చిత్రంలో చూడాలన్నా ఫోనే మేలు. చిక్కల్లా సందర్భం దగ్గర వస్తుంది. అనువాద యాప్‌లో ఉత్త 'పవర్' అని కొడితే 'శక్తి' అని రావచ్చు. భౌతికశాస్త్రంలో శక్తి అంటే ఎనర్జీ, పవర్ అంటే సామర్థ్యం. ఆ ఒక్క మాటతో సమాధానం మొత్తం తప్పుదారి పడుతుంది. మాటతో పాటు సబ్జెక్టు పేరు కూడా టైప్ చేసి వెతకండి, చాలావరకు గట్టెక్కుతారు.

సబ్జెక్ట్ డిక్షనరీ కొనేముందు మరో తేడా గమనించాలి. కొన్నింటిలో సమానార్థకాలు మాత్రమే ఉంటాయి: 'ఎక్సలరేషన్ - త్వరణం', అంతే. మీడియం మారిన విద్యార్థికి ఇది ఎంతో సాయం, తెలిసిన విషయానికి కొత్త పేరు దొరుకుతుంది. విషయమే తెలియనివాడికి మాత్రం ఒక తెలియని మాట బదులు ఇంకో తెలియని మాట చేతిలో పెట్టినట్టవుతుంది. వాడికి నిర్వచనం, ఉదాహరణ, వీలైతే బొమ్మ ఉన్న నిఘంటువు కావాలి.

ఏది కొన్నా, అది పాఠాన్ని నేర్పదు. పాఠం ఒకసారి చదివాక, మాటను బిగించుకోవడానికి తెరవాలి. నేను చదువు చెప్పే పిల్లలతో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టిస్తాను. వెతికిన ప్రతి మాటకు మూడు వరుసలు: నిర్వచనం, సొంత ఉదాహరణ, ఈ మాటతో తికమకపడే ఇంకో మాట. ద్రవ్యరాశి పక్కన భారం, ఉష్ణం పక్కన ఉష్ణోగ్రత. ఆ మూడో వరుస రాయడానికే డిక్షనరీలోని 'చూడండి' అన్న సూచనలు బాగా అక్కరకొస్తాయి.

సబ్జెక్ట్ డిక్షనరీ పాత ప్రతి చేతికొస్తే 'కిలోగ్రామ్' తీసి చూడండి. 2019 మే 20 వరకు దానికి ప్రమాణం ఫ్రాన్స్‌లో భద్రపరిచిన ప్లాటినం-ఇరిడియం లోహపు దిమ్మ. ఆ రోజు నుంచి ప్లాంక్ స్థిరాంకం అనే, ఎప్పుడూ మారని భౌతికశాస్త్ర విలువ ఆధారంగా నిర్వచిస్తున్నారు, పదార్థ పరిమాణానికి రసాయనశాస్త్రంలో వాడే మోల్ అన్న ప్రమాణం నిర్వచనం కూడా అప్పుడే మారింది. ఖగోళ నిఘంటువైతే ప్లూటోను చూడండి, 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. మీ ప్రతిలో ఇంకా ఆ లోహపు దిమ్మే ఉన్నా దాన్ని పారేయనక్కర్లేదు. బలం, త్వరణం, జడత్వం లాంటి మాటలకు అది నిక్షేపంగా పనికొస్తుంది. ప్రమాణాల నిర్వచనాలు మాత్రం కొత్త ముద్రణలోనో, ఫోన్‌లోనో సరిచూసుకోండి.