మార్కులు తగ్గాయి: ట్యూషనా, బడి మార్పా, జవాబు పత్రమా? ఏది మేలు?

ఎస్‌ఏ-1 (బడిలో పెట్టే మొదటి సమ్మేటివ్ పరీక్ష) మార్కులు పిల్లల చేతికి వచ్చిన వారంలో లెక్కలు చెప్పేవాళ్లకు ఫోన్లు ఎక్కువవుతాయి. మన విశాఖలో గాజువాక నుంచి వచ్చినా, మధురవాడ నుంచి వచ్చినా ప్రశ్న దాదాపు ఒకటే: "మాస్టారూ, ట్యూషన్ పెట్టించమంటారా, లేక బడే మార్చేయమంటారా?" ఈ రెండూ కాక మూడో దారి ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఉంది. దిద్దిన జవాబు పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని పిల్లవాడితో కలిసి చదవడమే అది. దానికి పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే ఎవరికీ దాని మీద నమ్మకం కుదరదు.

ఈ మూడింటిలో నా మొగ్గు ఎటో దాచడం ఎందుకు? ముందు పత్రం. పత్రం చూశాక అవసరమని తేలితే ట్యూషన్. బడి మార్పు గురించి ఆలోచించాల్సింది అన్నిటికన్నా చివర. ఈ వరుస తలకిందులైన ఇళ్లలోనే డబ్బూ ఏడాదీ రెండూ పోతుంటాయి.

నూటికి 41 అన్న అంకె ఎంత పోయిందో చెబుతుంది తప్ప ఎక్కడ పోయిందో చెప్పదు. పబ్లిక్ నమూనాలో రాసి 41 తెచ్చుకున్న ఒక అబ్బాయి లెక్కల పేపరును దగ్గరగా చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపరులో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఈ అబ్బాయికి ఒక మార్కు బిట్లలో 12కు 9 వచ్చాయి. రెండు మార్కుల వాటిలో 16కు 10, నాలుగు మార్కుల వాటిలో 32కు 14, ఎనిమిది మార్కుల వాటిలో 40కి 8. "లెక్కలంటే వీడికి బొత్తిగా రాదండీ" అని తల్లి అంటున్నారు. బిట్లలో నాలుగింట మూడు వంతులు తెచ్చుకున్నవాడికి లెక్కలు రావని ఎలా అంటాం? పోయినదాంట్లో ఎక్కువ భాగం పెద్ద ప్రశ్నల్లోనే పోయింది.

పేజీ తిప్పితే సంగతి ఇంకా తేటపడుతుంది. 2, మైనస్ 7, 3 గుణకాలుగా ఉన్న వర్గ సమీకరణాన్ని సూత్రంతో సాధించాలి. విచక్షణి (డిస్క్రిమినెంట్) 25 అని సరిగ్గానే కట్టాడు. సూత్రంలో మైనస్ బి అన్నచోట ప్లస్ 7 రావాలి, వాడు మైనస్ 7నే దించేశాడు. మూలాలు 3, 1/2 కావాల్సింది మైనస్ 3, మైనస్ 1/2 అయ్యాయి. మైనస్ 3ను తిరిగి సమీకరణంలో వేసి చూసుకుని ఉంటే సున్నాకు బదులు 42 వచ్చేది, తప్పు అక్కడికక్కడే దొరికేది. ఇక ఎనిమిది మార్కుల ఐదింటిలో మూడే ముట్టుకున్నాడు. ఒకదానికి 5, ఒకదానికి 3, మూడోదానికి గుండు సున్నా. గ్రాఫు ప్రశ్న పూర్తిగా ఖాళీ. ఎందుకు వదిలేశావని అడిగితే "టైము లేదు సార్" అన్నాడు. ఆ విభాగంలో ఇదో అదో ఎంచుకునే వీలుందన్న సంగతి పరీక్ష హాల్లో వాడికి గుర్తే లేదు.

పోయిన ప్రతి మార్కు నాలుగు కారణాల్లో ఏదో ఒకదాని కిందకు వస్తుంది. విషయమే తెలియకపోవడం, తెలిసీ తప్పు చేయడం, సమయం చాలకపోవడం, ప్రశ్న ఏమి అడుగుతోందో అర్థం కాకపోవడం. ఈ నాలుగో కారణాన్ని మనం చాలా తక్కువగా అంచనా వేస్తున్నాం. 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చాయి, చదువు ఎక్కువగా ఇంగ్లిష్ మాధ్యమంలో సాగుతోంది. సైన్సులో కారణం చెప్పమన్న ప్రశ్నకు నిర్వచనం రాసి వచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. వాళ్లకు పాఠం వచ్చు, ప్రశ్నే అందలేదు. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిష్ అచ్చువేసింది ఇలాంటి పిల్లల కోసమే. ఎదురు పేజీలో తెలుగు చదివి, ఆ తర్వాత ఇంగ్లిష్ ప్రశ్నను తన మాటల్లో చెప్పమంటే చాలు, తేడా కొద్ది వారాల్లోనే తెలుస్తుంది.

పత్రం ముందు కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు చేయాల్సిన కష్టమైన పని ఒకటే, నోరు అదుపులో పెట్టుకోవడం. పోయిన ప్రతి మార్కు పక్కన కారణాన్ని పిల్లవాడే పెన్సిలుతో రాయాలి. మనం రాస్తే అది తీర్పులా ఉంటుంది. పక్కింటి అమ్మాయి మార్కుల ప్రస్తావన ఆ గంటసేపైనా రాకూడదు. ఇది మెత్తని మనసుతో చెబుతున్న మాటేమీ కాదు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, మరికొందరికి రెండూ. పని మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల్లో. రెండూ అందుకున్న పిల్లలకు ఆ మేలు దక్కలేదు. పక్కన అంకె కనబడితే వ్యాఖ్య మీదకు కన్ను పోదు మరి. అందుకే మొత్తం వేసిన మొదటి పేజీని మడిచి పెట్టి, లోపలి పేజీల నుంచి మొదలుపెట్టడం మంచిది.

అలా కూర్చుంటే తెలిసీ చేసిన తప్పులు, టైము చాలక వదిలేసినవి ఇంట్లోనే చక్కబడతాయి. టైము సంగతికి గడియారం చాలు: పాత పేపరును 3 గంటలు పెట్టి రాయించడం, అదీ ఎనిమిది మార్కుల ప్రశ్నలతో మొదలుపెట్టించడం. తప్పుల సంగతికి వారం తర్వాత అవే లెక్కలను తెల్ల కాగితం మీద, ఏదీ చూడకుండా మళ్లీ చేయించాలి. చదివిందే చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం ఎంత మేలో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివినవాళ్లకు వారం తర్వాత దాదాపు 40 శాతం గుర్తుంది. ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. మన పిల్లలు గైడులో పసుపు గీతలు గీసి "చదివేశాను" అంటారు. గీతలు పరీక్ష హాల్లోకి రావు.

ఇక ట్యూషన్. విషయమే తెలియని చోట అది నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఏ విషయం తెలియదో తేలాలి. పదో తరగతిలో త్రికోణమితి రాక తడబడే పిల్లవాడిని కాస్త కదిలించి చూస్తే చాలాసార్లు భిన్నాల దగ్గర దొరికిపోతాడు. భిన్నాలు ఆరేడు తరగతుల సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని నిలిపివేయకూడదని చెప్పింది. 2019 సవరణ ఆ నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. నిలిపివేయకపోవడం మంచిదే, కానీ వెనకబడిన చోట పట్టుకుని నేర్పే ఏర్పాటు దానితో పాటు రాలేదు. ఆ లోటంతా తొమ్మిదిలోకి వచ్చాక ఒక్కసారిగా బయటపడుతుంది. ట్యూషన్ సెంటర్లేమో బడి కన్నా రెండు అధ్యాయాలు ముందు పరిగెత్తడాన్నే గొప్పగా చెప్పుకుంటాయి. వెనక ఉన్న గుంటను పూడ్చాల్సినవాడిని ఇంకా ముందుకు తోస్తే ఏమవుతుంది?

మన నగరంలో దూరం కూడా లెక్కలోకి వస్తుంది. కోచింగ్ సెంటర్లుండే ద్వారకానగర్ పేరు వినగానే తల్లిదండ్రులకు ఒక భరోసా. అయితే సాయంత్రం గాజువాక నుంచి బస్సెక్కిన పిల్లవాడు ఎన్ఏడీ కొత్తరోడ్డు రద్దీ దాటుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి, క్లాసు విని, మళ్లీ అదే దారిలో ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. అన్నం తిని పడుకోవడమే, సొంతంగా లెక్క చేసే సమయం ఇక ఎక్కడిది? పెద్ద హాల్లో అరవై మంది మధ్య కూర్చోవడం కన్నా, వీధి చివర ఆరేడుగురికి చెప్పే టీచరమ్మ దగ్గర గంట కూర్చోవడమే చాలామందికి మేలు. మంచి ట్యూషన్‌ను గుర్తుపట్టడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటుంది. చేర్చిన మొదటి రోజే "పాత జవాబు పత్రాలు పట్టుకురా" అన్నవాళ్లు నేర్పగలరు. "ఫీజు రెండు వాయిదాల్లో కట్టొచ్చు" అన్న మాటతో మొదలుపెట్టినవాళ్ల గురించి నేనేమీ చెప్పను.

బడి మార్పు మాట ఎక్కువగా ఫ్లెక్సీల వల్ల వస్తుంది. ఫలితాలు వచ్చిన మర్నాడే కూడళ్లలో 600కు 590లు, 595లు వెలుస్తాయి. 310 వచ్చిన పిల్లలూ అవే బల్లల మీద చదివారు, వాళ్ల ఫొటోలు ఉండవు. పైగా ఏడాదికీ ఏడాదికీ అంకెలే ఊగుతుంటాయి. రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రాష్ట్రం మొత్తం మీదే ఇంత ఊపు ఉన్నప్పుడు, ఒక బడి నిరుటి ఫలితం చూసి అది మన పిల్లవాడికి ఏం చేస్తుందో చెప్పడం సాధ్యం కాదు. కొత్త బడిలో కొత్త టీచర్లు, కొత్త స్నేహితులు, పాఠాల వరుస వేరు. కుదురుకునేసరికి సగం ఏడాది గడిచిపోతుంది. పదిలో అయితే పరీక్షల విభాగానికి విద్యార్థుల వివరాలు వెళ్లాక మారడం తలనొప్పి కూడా.

అలాగని ఎప్పుడూ మార్చకూడదని అనను. నెలల తరబడి సబ్జెక్టు టీచరే లేని బడి, కొట్టే బడి, తోటి పిల్లలు ఏడిపిస్తుంటే పట్టించుకోని బడి, ఇవి మార్కులతో పని లేకుండానే వదిలేయాల్సినవి. మార్పు ఎనిమిది ముగిశాక అయితే మంచిది, తొమ్మిది ముగిశాక తప్పదంటేనే.

ఒక సబ్జెక్టులో కాకుండా అన్నింటిలో ఒకేసారి మార్కులు పడిపోయాయంటే పై మూడూ పక్కన పెట్టండి. అది పాఠాల సమస్య కాదు. ముందు కళ్లు చూపించాలి. వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనబడక పక్కవాడి నోటు చూసి ఎక్కించుకునే పిల్లలు మనం అనుకునే దానికన్నా ఎక్కువ, ఆ సంగతి వాళ్లు చెప్పరు. మన నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఆ తర్వాత నిద్ర, ఫోను, ఇంట్లో గొడవలు. మూడు షిఫ్టుల్లో పనిచేసే స్టీల్‌ప్లాంటు కుటుంబాల్లో తండ్రి రాత్రి డ్యూటీ వారం ఇంటి వేళలన్నీ మారిపోతాయి, పిల్లవాడి చదువు వేళతో సహా. పిల్లవాడితో ఎవరైనా మెల్లగా మాట్లాడాలి, అమ్మానాన్నల కన్నా మేనమామో బాబాయో అయితే ఇంకా నయం.

ఇప్పటిదాకా చెప్పింది బడి పరీక్షల సంగతి. పబ్లిక్ ఫలితాల్లో తగ్గితే ఎంపికలు వేరు: రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ. ఇటీవలి సంవత్సరాల్లో రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 1,000 రూపాయలు. రీకౌంటింగ్‌లో మొత్తాలను మళ్లీ కూడతారు, అంతే. రీవెరిఫికేషన్‌లో దిద్దిన పత్రం నకలు చేతికి వస్తుంది కాబట్టి, పెట్టదలిస్తే ఆ వెయ్యి పెట్టడమే నయం. 2025లో రీవెరిఫికేషన్ తర్వాత మార్కులు భారీగా పెరిగిన ఉదంతాలు వార్తలకెక్కాయి. అయినా అది అందరికీ కాదు. బాగా రాశానని పిల్లవాడు గట్టిగా చెబుతున్న సబ్జెక్టులో, మిగతావాటితో పొంతన లేకుండా ఒక్కటే పడిపోయినప్పుడు పెట్టండి. రెండు మూడు మార్కులు కలుస్తాయేమోనన్న ఆశతో ఆరు సబ్జెక్టులకూ కట్టడం దండగ.

హిందీలో 20, మిగతావాటిలో 35 రాక ఫెయిలైన పిల్లలకు మాత్రం ఎదురుచూపులు ప్రమాదం. ఫలితాలు వచ్చిన నెల అటూ ఇటూగా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మొదలవుతుంది. గట్టెక్కితే ఆ ఏడే ఇంటర్‌లోనో మరోచోటో చేరవచ్చు. రీవెరిఫికేషన్ ఫలితం వచ్చాక చూద్దామని ఆగితే సప్లిమెంటరీ ఫీజు గడువు దాటిపోతుంది. రెండింటికీ ఒకేసారి, హెడ్మాస్టరు దగ్గర గడువు తేదీలు కనుక్కుని, ఆ వారంలోనే కట్టేయండి.