ట్రానెక్సామిక్ యాసిడ్ సీరం: మంగు మచ్చలకు చాలాకాలం వాడాక

బుగ్గల మీద, పై పెదవి మీద ఉన్న మంగు మచ్చలకు మూడు శాతం ట్రానెక్సామిక్ యాసిడ్ సీరం వాడుతున్నాను. రెండేళ్ల పైమాటే. మచ్చలు ఎంత తగ్గాయన్నదానికన్నా ఇది సురక్షితమేనా అనే ఎక్కువమంది అడుగుతారు, కాబట్టి ముందు అదే చెబుతాను: నా చర్మానికి దీనివల్ల ఏ హానీ జరగలేదు.

పేరులో యాసిడ్ ఉందని భయపడక్కర్లేదు. గ్లైకాలిక్ యాసిడ్‌లా ఇది చర్మం పై పొరను ఒలవదు. లైసిన్ అనే అమైనో యాసిడ్ నుంచి రూపొందించిన పదార్థమిది. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో దంపతులు 1960ల్లో రక్తస్రావాన్ని ఆపే మందుగా దీన్ని కనిపెట్టారు. ఎండ తగిలితే చర్మంలో ప్లాస్మిన్ అనే ఎంజైమ్ చురుకై, రంగు తయారుచేసే కణాలను రెచ్చగొడుతుంది. ఆ పనికి ఇది అడ్డుపడుతుంది.

రక్తానికి సంబంధించిన మందును ముఖానికి రాయడమేంటన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. నిజానికి ఇది కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ త్వరగా కరిగిపోకుండా చూస్తుంది. మాత్రగా మింగితే ఒళ్లంతా చేరుతుంది. అందుకే గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకు మాత్ర ఇవ్వరు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల విషయంలోనూ డాక్టర్లు ఆచితూచి వెళ్తారు. పైపూతగా రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. సీరం పనిచేసింది కదా అని అదే పేరున్న మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి, దయచేసి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సీరం విషయంలోనూ డాక్టర్‌ను అడగడం మంచిది.

ఇబ్బంది అంటూ వచ్చింది దీనికి తోడైనవాటితోనే. రెటినాల్ (విటమిన్ ఎ రకానికి చెందిన పైపూత) రాసిన రాత్రే దీన్నీ రాస్తే ముక్కు పక్కన చురుక్కుమనేది. ఇప్పుడు ఇది ఉదయం, అది రాత్రి. మధ్యలో వాడిన ఇంకో కంపెనీ సీసాలో పరిమళం కలిపారు, దానికి దురద, ఎర్రదనం వచ్చాయి. ఆపేశాక రెండు మూడు రోజుల్లో సర్దుకుంది. అందుకే లేబుల్ మీద ముందు పెద్దక్షరాల్లో రాసిన పేరొక్కటే కాక వెనకున్న జాబితా మొత్తం చదవండి, ముఖానికి రాసేముందు చెవి వెనక కొద్దిగా రాసి ప్యాచ్ టెస్ట్ చేసుకోండి.

ఫలితం నెమ్మదిగా వచ్చింది. మూడో నెల దాకా పెద్దగా తేడా తెలియలేదు, తర్వాత మచ్చల అంచులు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. సన్‌స్క్రీన్ మానేసిన వారాల్లో మళ్లీ ముదిరాయి కూడా. మామూలు వెలుతురుకీ మంగు ముదురుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేతరంగు సన్‌స్క్రీన్‌కు మారాను, తేడా అక్కడే బాగా కనిపించింది. నా మటుకు ఈ రెండూ కలిపి కొనసాగిస్తాను.