కోరంగి ఓడదారా, రాయల దారా? మూలాలు వెతుక్కునేవాళ్లకి ఏది మేలు?

"అమ్మానాన్నల్ని తీసుకుని మా పూర్వీకులు వచ్చిన దారిలో ఒకసారి తిరిగి రావాలనుంది, ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న ఈమధ్య తరచూ వస్తోంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది రెండు రకాలు. ఒకరు మధురై, కోవిల్పట్టి, కోయంబత్తూరు వైపు స్థిరపడి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లు. రెండోవాళ్లు మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీల నుంచి వచ్చేవాళ్లు. వీళ్లు కాక, మనూళ్లలోనే ఉంటూ "మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడంట, మళ్లీ రాలేదంట" అనేవాళ్లు కొందరు.

దారులు ప్రధానంగా రెండు. ఒకటి రాయల దారి: హంపి, పెనుకొండ, చంద్రగిరి, వేలూరు, జింజీ, తంజావూరు, మధురై. రెండోది ఓడదారి, అంటే బ్రిటిష్ కాలంలో చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పోయినవాళ్ల దారి: గంజాం నుంచి మద్రాసు దాకా కోరంగి లాంటి మన రేవులు, సముద్రానికి అవతల మారిషస్‌లో పోర్ట్ లూయిస్, దక్షిణాఫ్రికాలో డర్బన్. కాశీ, రంగూన్ కూడా కొందరు అడుగుతారు, వాటి సంగతి తర్వాత.

చూడ్డానికి ఏది బాగుంటుందంటే చర్చే అక్కర్లేదు, రాయల దారే. 1565లో తళ్లికోట దెబ్బ తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకి, అక్కణ్ణుంచి చంద్రగిరికి, వేలూరికి జరుగుతూ వచ్చింది. కారు తీసుకుంటే ఆ వరసలోనే వెళ్లొచ్చు. పెనుకొండలో గగన్ మహల్, పక్కనే లేపాక్షి, చంద్రగిరిలో రాజమహల్, మధురైలో 1636లో కట్టిన తిరుమల నాయకుడి మహల్. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోని మెలట్టూరు తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప బ్రాహ్మణ కుటుంబాలకి ఇచ్చిన అగ్రహారం. నృసింహ జయంతికి అక్కడ భాగవతమేళం ఆడతారు. నాటకాలు తెలుగువి, వేషాలన్నీ మగవాళ్లవే, కూర్చుని చూసేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. మేలో ఆ ఎండకి ఓర్చుకోగలిగితే ఆ రాత్రి కోసం వెళ్లండి.

ఇంత ఉన్నా నేను ఈ దారికి రెండో స్థానమే ఇస్తాను. నా లెక్కలో దారిని తేల్చేది కోటలూ కాదు, ఖర్చూ కాదు. ఆ దారి చివర మీ ఊరి పేరు దొరుకుతుందా లేదా, అంతే. "మా వాళ్లు ఆంధ్రా నుంచి వచ్చారు" అన్నది ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. దానికోసం ప్రయాణం అక్కర్లేదు. ఫలానా తాలూకా, ఫలానా ఊరు అని తెలిస్తేనే ఆ ఊళ్లో దిగి రామాలయం అరుగు మీద కూర్చుని ఎవరినైనా పలకరించగలం.

రాయల దారిలో ఈ ఊరి పేరు దొరకడం కష్టం. వలసలు ఒక్క రోజులోనో, ఒక్క రాజు కాలంలోనో జరగలేదు. మధురైలో విశ్వనాథ నాయకుడు 1529లో పాలనకి వచ్చేనాటికే దండులతో పాటు జనం దిగుతున్నారు, ఆ తర్వాత తరతరాలుగా దిగుతూనే ఉన్నారు. సైన్యంతో వెళ్లినవాళ్లు కొందరు, కోవిల్పట్టి, సాత్తూరు వైపు నల్లరేగడి నేలల కోసం వెళ్లిన రైతులు కొందరు, మగ్గాలతో వెళ్లిన దేవాంగులు, తోలుపని చేసే అరుంధతీయులు. వీళ్లెవరినీ దారిలో కాగితం మీద రాసుకున్నవాడు లేడు. రాళ్ల మీద ఉన్న పేర్లు రాజులవి, వాళ్ల కింద సైన్యం పోషించే అమరనాయకులవి, దేవుడికి మాన్యం ఇచ్చినవాళ్లవి. కైఫీయతులు చూడమని కొందరు సలహా ఇస్తారు. బ్రిటిష్ అధికారి మెకంజీ సేకరింపజేసిన ఆ ఊళ్ల చరిత్రలు నిజంగా బంగారమే, కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు కూడా వేసింది. కానీ వాటిలో ఊరు ఎలా పుట్టింది, ఏ పాళెగాడు ఏలాడు, గుడికి ఎంత మాన్యం అన్నది ఉంటుంది. ఊరొదిలి దక్షిణానికి పోయిన రైతు పేరు ఉండదు.

కుటుంబాల్లో మిగిలిన కథలు కూడా ఊరు చెప్పవు. తురకల రాజు పిల్లని ఇమ్మన్నాడని రాత్రికి రాత్రి బయల్దేరారని, వెనక గుర్రాలు తరుముకొస్తుంటే నది అడ్డం వచ్చిందని, ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వంగి అవతలికి దాటించిందని తమిళనాడు తెలుగువాళ్లలో ఒకటికి మించిన కులాలు చెప్పుకుంటాయి. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇన్ని ఇళ్లలో ఒకే కథ ఉందంటే, దాన్ని పట్టుకుని ఒక ఊరికి చేరడం కుదరదని కూడా అర్థం.

ఈ దారి వాళ్లకి ఒక్క ఆధారం గట్టిది, ఇంటిపేరు. తమిళనాట ఎన్ని తరాలైనా పెళ్లి సంబంధాల కోసం దాన్ని కాపాడుకున్నారు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే కాబట్టి అక్కడి నుంచి వెతకొచ్చు. అయితే కొండూరు, వేములపల్లి లాంటి ఊళ్లు ఎన్ని జిల్లాల్లో ఉన్నాయో చూస్తే ఉత్సాహం సగం చల్లారుతుంది. పైగా ఆ ఇంటిపేరు బయల్దేరిన ఊరిది కాకపోవచ్చు, దానికి రెండు తరాల ముందు వదిలిన ఊరిది కావచ్చు.

ఇప్పుడు ఓడదారి చూడండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. చెరకు తోటల యజమానులకి మనుషుల మీద ప్రేమ ఉండి కాదు, ఒప్పందం కాలం పూర్తయ్యేదాకా కూలీ తప్పించుకోకూడదని ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి వివరాలు రాసుకున్నారు. నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలూ గాట్లూ వరుసగా ఉంటాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా వెళ్లిన దాదాపు లక్షా యాభై రెండు వేలమంది అలా కాగితానికెక్కారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, అక్కడికి వెళ్లినవాళ్లకి ఒక్కొక్కరికీ ఒక వలస పాసు ఉంది. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల తర్వాత వాటిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. రాయల కాలంలో సేనాపతికి కూడా లేని ఫొటో, సెంటు భూమి లేని శ్రీకాకుళం కూలీకి ఉంది!

ఒక తిరకాసు ఉంది. ఆ పుస్తకాల్లో ఇంటిపేరు ఉండదు. అప్పడు, తండ్రి రామన్న, అంతే. అందుకే మారిషస్‌లో ఇవాళ అప్పడు, అప్పన్న అన్నవే కుటుంబాల పేర్లు అయిపోయాయి. అంటే దక్షిణానికి పోయినవాళ్లకి ఇంటిపేరు మిగిలి ఊరు పోయింది, ఓడెక్కినవాళ్లకి ఊరు మిగిలి ఇంటిపేరు పోయింది. రెండిట్లో ఏది మేలంటే నాకు ఊరే మేలు. ఊరికి బస్సు ఉంటుంది.

ఊరు కాగితం మీద ఉన్నంత మాత్రాన నేరుగా దొరుకుతుందని కాదు. రాసుకున్న గుమాస్తాకి తెలుగు రాదు, చెవికి వినిపించింది వినిపించినట్టు ఇంగ్లీషులో గిలికాడు. బోయపాలెం అని చెబితే అతని చేతిలో అది ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి ఊరి పేరు కంటే ముందు జిల్లా, తాలూకా చూడాలి, అదీ ఆ కాలపు జిల్లా. కాగితంలో గంజాం అని ఉంటే అందరూ ఒడిశా అనుకుని వదిలేస్తారు. అప్పటి గంజాం జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ ఉండేవి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ భాగం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. విజాగపటం అని ఉంటే ఇవాళ అది విజయనగరం కావచ్చు, అనకాపల్లి కావచ్చు, పార్వతీపురం మన్యం కావచ్చు. 1859కి ముందు కాగితాల్లో గోదావరి జిల్లా అన్నదే ఉండదు, రాజమండ్రి జిల్లా అని ఉంటుంది. ఈ చిక్కు విప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

పూజలు కూడా కాస్త సాయం చేస్తాయి. మారిషస్ తెలుగువాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు. అప్పన్నని కొలిచే ఇల్లయితే నేనైతే ముందు సింహాచలం చుట్టుపక్కల జిల్లాల వైపే చూస్తాను.

చూడ్డానికి మాత్రం ఈ దారిలో మన వైపు పెద్దగా ఏమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను. కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవంటే, బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లందరికీ కోరంగివాళ్లనే పేరు పడింది. 1789, 1839 తుఫానులు దాన్ని ఊడ్చేశాయి. ఇప్పుడు అక్కడ మడ అడవి, చెక్క వంతెన, సెల్ఫీలు దిగే జనం. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టడం చూస్తే పాత రేవు వాసన కొంచెం తగులుతుంది. పక్కనే యానాం, ఫ్రెంచివాళ్ల ఊరు. ఇక సముద్రానికి అవతల పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. కూలీలు దిగి ఎక్కిన రాతి మెట్లు ఉన్నాయి. హంపి చూసిన కళ్లకి అది చిన్నగానే ఆనుతుంది.

మనూళ్ల నుంచి అటు వెతికేవాళ్లకి ఓడదారి అంత సులువు కాదు. అక్కడి మునిమనవడి దగ్గర నంబరు ఉంటుంది, మన దగ్గర "ఓడెక్కాడు" అన్న మాట మాత్రమే ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ తెలిస్తేనే ప్రయత్నించండి. తెలియకపోతే మారిషస్‌కి సరదాగా వెళ్లి రండి, మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా తీసుకునే టెన్షన్ కూడా లేదు. మూలాల పేరుతో మాత్రం అంత ఖర్చు పెట్టొద్దు.

మిగతావి క్లుప్తంగా. కాశీ, గయల్లో పండాల దగ్గర యాత్రికుల పుస్తకాలు ఉంటాయి, మీ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి సంతకం పెట్టి ఉంటేనే ఉపయోగం. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 31లలో మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చిన దారి చదవడానికి గొప్పది, వెనుకటి తరాల లెక్క తీయడానికి కాదు. రంగూన్‌కి జనం మేస్త్రీల (కూలీల్ని కుదిర్చి తీసుకెళ్లేవాళ్ల) వెంట పోయారు, ఓడదారిలో లాగా మనిషికో నంబరు లేదు. 2021 నుంచి అక్కడి పరిస్థితి కూడా వెళ్లేలా లేదు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపులో పెద్దవాళ్లతో మాట్లాడితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. మలేషియాకి చాలామంది కంగాణీలనే అలాంటి మేస్త్రీల వెంట పోయారు, ఇబ్బంది అక్కడా అదే. బగాన్ డాటో వైపు తెలుగు కుటుంబాలు ఉన్నాయి, చుట్టపు చూపుగా వెళ్లొచ్చు.

తమిళనాడు తెలుగువాళ్లయితే, ఇంటిపేరుతో సరిపోయే ఊళ్ల జాబితా రాసుకుని, వాటిలో పెనుకొండ, చంద్రగిరి మధ్య పడేవాటిని దారిలో కలుపుకుంటూ హంపి వైపు ఎదురు వెళ్లండి. పెద్దవాళ్లు ఉంటే జింజీ కోట ఎక్కించే పని పెట్టుకోకండి. ఓడదారి వాళ్లు విమానం ఎక్కే ముందే అక్కడి రికార్డు నకలు తెచ్చుకోండి. ఇక్కడ దిగాక మొదట ఆ పాత తాలూకా ఇప్పుడు ఏ మండలాలైందో కనుక్కుని, ఆ తర్వాత గ్రామ సచివాలయానికి వెళ్లండి. పాత భూమి పుస్తకాల కోసం మరీ పట్టుబట్టకండి, ఓడెక్కినవాళ్లలో ఎక్కువమందికి భూమే లేదు. సంక్రాంతి వారంలో ఊళ్లో అందరూ ఉంటారు కానీ ఆఫీసులు మూసి ఉంటాయి, కాకినాడలో, కోనసీమలో గది దొరకదు. కనుమ వెళ్లిన నాలుగైదు రోజులకి చేరుకునేలా టికెట్ తీసుకోండి.