బ్రినెలా, రాక్‌వెలా? లోహం ఎంత గట్టిదో చూసే హార్డ్‌నెస్ టెస్టుకి ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు?

పోత ఇనుము, ఫోర్జింగులు (దెబ్బలతోనో ఒత్తిడితోనో మలిచిన ముక్కలు) అయితే బ్రినెల్. హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం) అయిన గేర్లు, బేరింగులు అయితే రాక్‌వెల్. కానీ చాలా షాపుల్లో రాక్‌వెల్ మెషీన్ ఎలాగూ ఉంది కదా అని వచ్చిన ప్రతి ముక్కనీ దాని మీదే పెట్టేస్తారు, తంటా అంతా అక్కడే.

స్వీడన్‌లోని ఫాగెర్‌స్టా ఉక్కు కర్మాగారంలో ఇంజినీరుగా చేసిన యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో చూపించిన పద్ధతి చూడటానికి మొరటుగానే ఉంటుంది: 10 మిల్లీమీటర్ల గుండుని 3000 కిలోల బరువుతో 10-15 సెకన్లు నొక్కి, పడిన గుంట వ్యాసాన్ని మైక్రోస్కోప్‌తో కొలవాలి. గుంట 4 మిల్లీమీటర్లుంటే బ్రినెల్ అంకె 229. గ్రే కాస్ట్ ఐరన్ అనే మామూలు పోత ఇనుముకి ఈ మొరటుతనమే కావాలి, ఎందుకంటే అందులో మెత్తటి గ్రాఫైట్ రేకులుంటాయి, పెద్ద గుంట వాటినీ చుట్టూ ఉన్న గట్టి లోహాన్నీ కలిపి సగటు చెబుతుంది. పైగా మామూలు ఉక్కుకైతే బ్రినెల్ అంకెని 3.45తో గుణిస్తే తన్యబలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) మెగాపాస్కల్స్‌లో ఇంచుమించుగా వచ్చేస్తుంది, ఈ సుఖం ఇంకెక్కడ దొరుకుతుంది!

అయితే టైం పడుతుంది, తయారైన ముక్క మీద పెద్ద మచ్చ మిగులుతుంది, బ్రినెల్ అంకె 650 దాటిన గట్టి ఉక్కుకి పనికిరాదు.

అమెరికాలో కనెటికట్‌లోని ఒక బేరింగ్ కంపెనీలో పనిచేసిన స్టాన్లీ రాక్‌వెల్, హ్యూ రాక్‌వెల్ (ఇంటిపేరు ఒకటే గానీ అన్నదమ్ములు కారు) 1914లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన మెషీన్‌లో మైక్రోస్కోప్ గొడవే లేదు. గట్టి ఉక్కుకి వాడే సి స్కేల్‌లో వజ్రపు మొనని ముందు 10 కిలోలతో ఆనించి, తర్వాత మొత్తం 150 కిలోలకి పెంచి, మళ్లీ 10కి దించితే మొన ఎంత లోతు దిగిందో డయల్ చెప్పేస్తుంది. రాక్‌వెల్ అంకెలో ఒక్కో పాయింటు అంటే 0.002 మిల్లీమీటర్ల లోతు. అంటే ముక్క కింద ఇరుక్కున్న పొలుసో దుమ్మో నలిగి ముక్క 0.02 మిల్లీమీటర్లు దిగబడిందంటే పది పాయింట్లు గల్లంతు, మంచి ముక్క రిజెక్ట్! అందుకే ముందు ఆన్విల్ (ముక్కని పెట్టే దిమ్మ) తుడవండి, మొదటి రీడింగ్ లెక్కలోకి తీసుకోకండి.

పల్చటి రేకులు, కేస్ డెప్త్ (గట్టిపరచిన పైపొర లోతు) లాంటివాటికి ఈ రెండూ కాదు, చిన్న వజ్రపు మొనతో చేసే వికర్స్ టెస్టుకే వెళ్లాలి.

ఒకటే కొనగలిగితే ఫౌండ్రీవాళ్లు బ్రినెల్, హీట్ ట్రీట్‌మెంట్ షాపువాళ్లు రాక్‌వెల్ కొనుక్కోండి. గోడకి అంటించిన కన్వర్షన్ చార్ట్ (ఒక పద్ధతి అంకెని ఇంకో పద్ధతి అంకెగా మార్చే పట్టిక) ఉక్కు కోసం వేసిందైతే, దాన్ని చూసి పోత ఇనుము అంకెలు మార్చి రిపోర్టులో రాయకండి.