పీహెచ్‌పీలో ఫైళ్లన్నీ ఒకేసారా, ఒక్కొక్కటిగానా: ఏది మేలు?

"అన్నా, అన్నీ ఒకే ఫారంలో పంపేస్తే పోలా?" తిరుపతిలో వెబ్‌సైట్ల పని నేర్చుకుంటున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య ఇక్కడి ఒక ఫోటో స్టూడియోకు, జనం ఫోటోలు అప్‌లోడ్ చేసే పెళ్లి ఆల్బమ్ పేజీని పీహెచ్‌పీలో (సర్వర్ మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష) చేస్తూ నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఒకే ఫారం అయితే కోడ్ తక్కువ, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. వచ్చిన ఫైళ్ల వివరాలను పీహెచ్‌పీ పెట్టే పట్టిక, అంటే ఫైల్స్ అర్రే ($_FILES), మాత్రం అడ్డదిడ్డంగా వస్తుంది: పేర్లన్నీ ఒకచోట, సైజులన్నీ ఒకచోట, ఎర్రర్లన్నీ ఇంకోచోట. చిన్న లూప్‌తో సర్దుకోవచ్చు. అసలు చిక్కు హద్దుల దగ్గర. డిఫాల్ట్‌గా ఫైలుకు 2 ఎంబీ, మొత్తం పోస్టుకు, అంటే ఒకసారి పంపే డేటా అంతటికీ, 8 ఎంబీ, రిక్వెస్టుకు (ఒకసారి పంపడానికి) 20 ఫైళ్లు. ఇరవై ఒకటో ఫోటోను పీహెచ్‌పీ వదిలేస్తుంది, పంపినవాళ్లకు ఆ సంగతే తెలియదు. 8 ఎంబీ దాటితే పోస్టు అర్రే ($_POST, ఫారంలో నింపిన వివరాలు), ఫైల్స్ అర్రే రెండూ ఖాళీగా వస్తాయి. ఎర్రర్ కోడ్ చూద్దామన్నా ఏమీ ఉండదు.

సెట్టింగుల్లో పెంచుకోవచ్చు, నిజమే. కానీ నాకు లెక్క తేల్చింది సిగ్నల్. జనం ఫోటోలు ఫోన్ నుంచే పంపుతారు, అదీ ఘాట్ రోడ్డులో బస్సులో కూర్చుని. ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీ. పదిహేను పంపుతుంటే పద్నాలుగో దాని దగ్గర నెట్ పోయిందనుకోండి, ఒకే ఫారంలో అయితే మళ్లీ మొదటి నుంచి. ఒక్కొక్కటిగా పంపితే ఆ ఒక్క ఫోటో పక్కన ఎర్ర గుర్తు, 'మళ్లీ పంపు' బటన్. వెళ్లినవి వెళ్లినట్టే ఉంటాయి. అందుకే నేను దీనికే ఓటేశాను.

దీనిలో పని ఎక్కువే. ఫోటోలన్నీ ఒకే ఆల్బమ్‌లో చేరేలా ఆల్బమ్ ఐడీ ముందే ఇవ్వాలి, మధ్యలో వదిలేసిన ఫోటోలను క్రాన్ (వేళకు తనంతట తానే నడిచే పని) పెట్టి తుడవాలి, ఫైలుకు 2 ఎంబీ హద్దు ఇక్కడా పెంచాల్సిందే. చాలామంది పట్టించుకోనిది సెషన్ తాళం: లాగిన్ వివరాలు దాచే సెషన్‌ను పీహెచ్‌పీ మామూలుగా ఒకసారికి ఒక్క రిక్వెస్టుకే తెరుస్తుంది. మూడు ఫోటోలు కలిపి పంపినా, ఒకదాని థంబ్‌నెయిల్ (చిన్న సైజు బొమ్మ) తయారయ్యేదాకా మిగతావి ఆగిపోతాయి. లాగిన్ చూసుకోగానే ఆ రిక్వెస్టులో సెషన్‌ను మూసేయండి (session_write_close), వేగం తేడా మీకే తెలుస్తుంది.

జిప్ చేసి పంపమని ఫోన్ వాడేవాళ్లకు చెప్పలేం. ముక్కలు చేసి పంపడం పెద్ద వీడియోలకు సరే, ఫోటోలకు అనవసరం.

కాలేజీ అప్లికేషన్ లాంటివి వేరు. మార్కుల మెమో, సర్టిఫికెట్, ఫోటో అన్నీ వస్తేనే దరఖాస్తు అయినట్టు. అక్కడ ఒకే ఫారం పెట్టండి. కంటెంట్ లెంగ్త్ (పంపుతున్న డేటా ఎంతో బ్రౌజర్ చెప్పే అంకె) ఉండి పోస్టు, ఫైల్స్ రెండూ ఖాళీగా వస్తే 'సైజు ఎక్కువైంది' అని చెప్పే రెండు లైన్లు మాత్రం మరవొద్దు.