కౌజు పిట్టల నట్టల మందు: ‘నీళ్లలో కలిపేయండి’ అన్న మాటతోనే నా పేచీ

ఇంటి వెనక కొబ్బరి చెట్ల కింద మూడేళ్లుగా నలభై కౌజు పిట్టలు పెంచుతున్నాను. మాది కోనసీమ. కాలువకు నీళ్లు వదిలిన దగ్గర్నుంచి కార్తీకం దాకా పెరట్లో నేల ఆరదు. నట్టల (పిట్టల పేగుల్లో పెరిగే పురుగుల) గుడ్లకు ఆ తడీ ఉక్కా చాలు. అందుకే మందు వాడాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

మొదటి రెండేళ్లు పైపరజిన్ వాడాను. మూడు నెలలకోసారి తాగే నీళ్లలో కలిపి పెట్టేవాడిని, అంతే. పిట్టను పట్టుకునే పని లేదు. కౌజును ఒక్కసారి పట్టుకున్నవాళ్లకు ఆ సుఖం ఏమిటో తెలుస్తుంది. గుప్పెట్లోంచి జారి నిట్టనిలువునా ఎగిరి, కప్పుకు తల కొట్టుకుంటుంది. అందుకే నీళ్లలో కలిపే పద్ధతి గురించి మా బావగారికీ, ఎదురింటివాళ్లకీ, అడగనివాళ్లకి కూడా గొప్పగా చెప్పాను.

పోయిన ఏడాది ఆషాఢంలో మందుల షాపుకి వెళ్తే పైపరజిన్ లేదన్నారు. “అదెందుకండీ, అది ఏలికపాములకే పనిచేస్తుంది. ఇది అన్ని రకాలకీ పనిచేస్తుంది, నీళ్లలో కలిపేయండి” అని ఆల్బెండజోల్ సీసా చేతిలో పెట్టారు. సీసా మీద ఆవు, గొర్రె బొమ్మలున్నాయి. కౌజు మాట ఎక్కడా లేదు. అప్పుడైనా ఆగాల్సింది.

నా గూడు మూడు అంతస్తులు. పైన బకెట్, అక్కణ్నుంచి కిందికి పీవీసీ పైపు, అంతస్తుకి నాలుగు నిప్పల్స్, పిట్ట ముక్కుతో పొడిస్తే నీటిచుక్క వచ్చేవి. సాయంత్రం మందు కలిపాను. నీళ్లు పాలలా తెల్లగా అయ్యాయి, బాగా కలిసిందనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామునే పెళ్లికి పాలకొల్లు వెళ్లి, రాత్రి పొద్దుపోయాక వచ్చాను. గూటివైపు చూడలేదు.

ఆ మరుసటి పొద్దున దాణా వేస్తుంటే కింది అంతస్తులో చప్పుడు లేదు. నా చెయ్యి కనపడగానే తొక్కుకుంటూ వచ్చే పిట్టలు రెక్కలు వేలాడేసుకుని, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. నిప్పల్ వేలితో నొక్కాను. చుక్క రాలేదు. పక్కది నొక్కాను, అదీ అంతే. గిన్నెతో నీళ్లు పెడితే ఒకదాని మీద ఒకటి పడి తాగాయి. ఐదు మాత్రం లేవలేదు. పైపు కోసి చూస్తే ఎల్బో (పైపు మలుపు) దగ్గర తెల్లటి ముద్ద, తడి సున్నంలా, వేలితో గీకితే వచ్చింది. బకెట్ అడుగున కూడా అదే. పై అంతస్తు పిట్టలు హాయిగా ఉన్నాయి. వాటికి అందింది దాదాపు వట్టి నీళ్లే!

పశువుల ఆసుపత్రికి వెళ్లి చెబితే డాక్టరు గారు పైపు ముక్క చూసి తల పట్టుకున్నారు. “ఇది నీళ్లలో కరగదండీ. కాసేపు తేలినట్టుంటుంది, తర్వాత అడుక్కి దిగుతుంది. పైపరజిన్ కరుగుతుంది కాబట్టి మీకిన్నాళ్లూ తేడా తెలియలేదు” అన్నారు. చీటీ వెనక లెక్క వేసి ఇచ్చారు. పిట్ట 200 గ్రాములు, నలభై కలిపితే 8 కిలోలు. కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున 80. సీసాలో మిల్లీలీటరుకి 25 ఉంది, అంటే మొత్తం 3.2 మిల్లీలీటర్లు. నేను మూతతో కొలిచి పోశానని ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు దాణాలోనే ఇస్తున్నాను. ముందు రాత్రి దాణా తీసేస్తాను, నీళ్లు ఉంచుతాను. పొద్దున సీసా బాగా గిలకొట్టి, సిరంజితో తీసి, అరగ్లాసు నీళ్లలో కలిపి, వెంటనే రోజు మేతలో మూడో వంతు మీద చిలకరించి కలుపుతాను. తడిపిన ఇడ్లీ రవ్వలా పొడిపొడిగా ఉండాలి, ముద్ద కాకూడదు. అరగంటలో ఖాళీ చేస్తాయి. పెత్తనం చేసే పుంజు ఎక్కువ తినేస్తుంది కాబట్టి అంతస్తుకి రెండు తొట్లు. తర్వాత డాక్టరు గారు చెప్పినన్ని రోజులు గుడ్లు మేం తినం, ఎవరికీ ఇవ్వం.

నీళ్లలో కలపడమే తప్పని కాదు. ఊక మీద పెరిగే పిల్లలకు రక్తపారుడు రాకుండా ఆంప్రోలియం నీళ్లలోనే ఇస్తున్నాను, అది కరుగుతుంది. కాకపోతే ఆ రోజుల్లో బి కాంప్లెక్స్ ఆపేస్తాను. ఆ మందు బి1 విటమిన్ వేషం వేసుకుని, ఆ రోగం తెచ్చే పరాన్నజీవిని మోసం చేస్తుంది. అసలు విటమిన్ మనమే పోస్తే మోసం సాగదు. పేల సంగతి వేరు, ఆల్బెండజోల్‌తో పోవు. వాటికి పొడి ఇసుకలో జల్లించిన బూడిద కలిపి ట్రేలో పెడతాను. అందులో పొర్లుతున్న కౌజును చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

నట్టల మందు మంచిదేనా అంటే, నా పిట్టల మటుకు నమ్మకంగా చెప్పలేను. రెండో ఏడాది నుంచి అవి తీగ వల మీదే ఉన్నాయి, రెట్ట కిందికి జారిపోతుంది. అప్పట్లో పిట్టలు పెట్టే గుడ్లు పెరిగింది మందు వల్లనే అని అందరికీ చెప్పాను గానీ, అప్పుడే నేల మీంచి వల మీదికి మార్చిన సంగతి చెప్పలేదు. సంక్రాంతి తర్వాత రెట్ట పరీక్ష చేయిస్తే నట్టల గుడ్లు కనపడలేదు. ఆ విడత మందు వేయలేదు.

బావగారి పిట్టలు మాత్రం ఇంకా ఊక మీదే, చెరువు గట్టున. ఆయనకు మందు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. మొన్న ఫోన్ చేసి ముందు సీసా మీద పేరు చదవమన్నాను. కళ్లజోడు కోసం వెళ్లినాయన పావుగంటైనా లైన్లోకి రాలేదు.